మిక్సర్‌కి ఇంకో ఆరు వేల పాయింట్లు తక్కువ

ప్రశ్న: మేడమ్, మేము న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉంటాం. ఇద్దరు పిల్లలు. మావారు సాఫ్ట్‌వేర్. రెండేళ్ళుగా స్నేహితులతో కలిసి నెలకి ఒకటి రెండుసార్లు అట్లాంటిక్ సిటీ క్యాసినోలకి వెళ్తున్నారు. ఎక్కువగా స్లాట్ మెషిన్లే ఆడతారు. అప్పులేమీ చేయలేదు, ఇంటి ఖర్చులకి లోటు రానివ్వలేదు. అందుకే నేనూ పెద్దగా ఏమీ అనలేదు. మొన్న క్యాసినో నుంచి మెరిసే ఆహ్వానం కార్డు ఒకటి వచ్చింది. డిసెంబరు మొదటి వారంలో 'హాలిడే గిఫ్ట్ షాపింగ్' పెడుతున్నారు, మన పాయింట్లతో అక్కడున్న వస్తువులు తీసుకోవచ్చు. ఆయన ఖాతాలో 18,000 పాయింట్లున్నాయి. స్లాట్‌లో 5 డాలర్లు ఆడితే ఒక పాయింటు, 100 పాయింట్లు ఒక డాలరుతో సమానం. సంక్రాంతికి తెనాలి వెళ్తున్నాం కాబట్టి అందరి గిఫ్టులూ అక్కడే ఫ్రీగా అయిపోతాయని ఆయన సంబరం. అత్తయ్యగారికి పెద్ద స్టాండ్ మిక్సర్ తీసుకెళ్ళాలని పట్టుదల. దానికి 24,000 పాయింట్లు కావాలి. రెండు వీకెండ్లు వెళ్ళి ఆ ఆరు వేలు చేసేస్తానంటున్నారు. డిసెంబరు 31 దాటితే పాయింట్లన్నీ పోతాయి అని కూడా అంటున్నారు. నన్నూ నా పేరున క్యాసినో సభ్యత్వ కార్డు తీసుకోమంటున్నారు, ఇద్దరి పాయింట్లూ కలపొచ్చట. అత్తయ్యగారు శనివారాలు ఉపవాసం ఉండే మనిషి. జూదంలో వచ్చిన వస్తువు ఆవిడ చేతిలో పెట్టడానికి నాకు మనసొప్పడం లేదు. ఏం చెయ్యమంటారు?

— ఒక సోదరి, ఎడిసన్

సమాధానం: ముందు ఆ ఆరు వేల పాయింట్ల సంగతి తేల్చేద్దాం. మిగతావన్నీ తీరిగ్గా మాట్లాడుకోవచ్చు గానీ దానికి గడువు రెండు వీకెండ్లే.

వద్దు. ఆ మిక్సర్ కోసం ఒక్క పాయింటు కూడా కొత్తగా సంపాదించొద్దు.

ఎందుకో లెక్క వేసి చూపిస్తాను. ఈ పేజీ మీవారి చేత కూడా చదివించండి, లెక్కలతో బతికే మనిషి కాబట్టి నా మీద కోపం వచ్చినా లెక్క మీద రాదు. 5 డాలర్లకి ఒక పాయింటంటే, ఆరు వేల పాయింట్లకి 30,000 డాలర్లు ఆడాలి. గుండె పట్టుకోకండి, అంత డబ్బు జేబులోంచి తియ్యక్కర్లేదు. మెషిన్‌లో తిరిగే డబ్బు అది. వందనోటు లోపలికి పెట్టి స్పిన్‌కి (అంటే ఒకసారి మీట నొక్కి తిప్పడానికి) రెండున్నర డాలర్ల చొప్పున ఆడితే నలభై స్పిన్లకి వంద డాలర్ల పందెం పూర్తవుతుంది. కానీ మధ్యలో రెండు డాలర్లొకసారి, పదొకసారి, అదృష్టం బాగుంటే నలభై ఒకసారి గెలుస్తూ ఉంటారు కదా, అలా స్క్రీన్ మీద తొంభై దాకా మిగిలి ఉంటుంది. ఆ తొంభై మళ్ళీ తిరుగుతుంది. తర్వాత ఎనభై చిల్లర. నోటు పూర్తిగా మాయమయ్యేలోపు అదే వంద, వెయ్యి డాలర్లకి పైగా పందెంగా తిరిగి ఉంటుంది. ఇలా తిరిగిన మొత్తాన్ని క్యాసినో వాళ్ళు 'కాయిన్-ఇన్' అంటారు. పాయింట్లిచ్చేది దాని మీదే, మీరు పెట్టిన వంద మీద కాదు. గంటసేపట్లో పాయింట్ల మీటరు చకచకా పెరుగుతున్నట్టు కనిపించేది అందుకే.

ఇలా తిరిగిన ప్రతి వందకీ క్యాసినోకి ఎంత మిగులుతుంది? న్యూజెర్సీ నిబంధనల ప్రకారం స్లాట్ మెషిన్ దీర్ఘకాలంలో కనీసం 83 శాతం ఆటగాళ్ళకి తిరిగివ్వాలి. నిజానికి అంతకంటే ఎక్కువే ఇస్తాయి. అట్లాంటిక్ సిటీ స్లాట్లలో వందకి తొమ్మిది డాలర్ల చుట్టుపక్కల క్యాసినోకి మిగులుతుంది. చిల్లర పందేల మెషిన్లలో ఇంకాస్త ఎక్కువ, పెద్ద పందేలవాటిలో కాస్త తక్కువ. తొమ్మిదే అనుకుందాం. 30,000 మీద 2,700 డాలర్లు. ఇక ఆరు వేల పాయింట్ల విలువెంత? 60 డాలర్లు.

అంటే అరవై డాలర్ల లోటు పూడ్చడానికి సగటున రెండు వేల ఏడు వందలు వదులుకోవాలి. స్పిన్‌కి రెండున్నర చొప్పున అది 12,000 స్పిన్లు. గంటకి 500 స్పిన్ల వేగంతో ఆడినా 24 గంటలు. 'రెండు వీకెండ్లు' అని మీవారు గాలిలో అనలేదు, ఆయనకి ఆ వేగం బాగానే తెలుసు. నాకు కాస్త దిగులనిపించింది ఆ కచ్చితత్వం చూసే.

ఆయన రెండు అభ్యంతరాలు చెప్తారు. ఒకటి, "గెలవొచ్చు కదా." గెలవొచ్చు. ఒక వీకెండ్‌లో రెండు వేలు గెలిచి వచ్చేవాళ్ళుంటారు, సగటంటే అందరికీ అంతే పోతుందని కాదు. కానీ ఆ గెలుపు కోసం వెళ్తే ఆటకి వెళ్ళినట్టు, మిక్సర్ కోసం వెళ్ళినట్టు కాదు. తాటిచెట్టెందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాట్ట వెనకటికొకడు. రెండోది, "పది రెట్ల పాయింట్ల రోజు ఉంది, ఆ రోజు వెళ్తా." సరే, పది రెట్లే అనుకోండి. 3,000 డాలర్లు తిప్పితే ఆరు వేల పాయింట్లు వస్తాయి. సగటు నష్టం 270. విలువ 60. ఇంతకంటే ఉదారమైన రోజు క్యాసినో క్యాలెండర్‌లో అరుదు, అయినా నష్టానికి నాలుగోవంతు కూడా తిరిగి రాదు. అరవై డాలర్లు తక్కువైతే అరవై డాలర్లు పెట్టి కొనుక్కోండి. థాంక్స్‌గివింగ్ అమ్మకాల్లో అలాంటి మిక్సర్ల మీద అంత తగ్గింపు మామూలే.

అయితే అసలు ఆ మిక్సరే వద్దని నా సలహా.

తెనాలిలో అత్తయ్యగారు దానితో ఏం చేస్తారు? అది మన మిక్సీ కాదు, గ్రైండరు అంతకంటే కాదు. పప్పు రుబ్బదు, పచ్చడి నూరదు. కేకు పిండి కలుపుతుంది, గుడ్లసొన గిలకొడుతుంది, బ్రెడ్డు పిండి పిసుకుతుంది. శనివారం ఉపవాసం ఉండే ఆవిడ వంటింట్లో గుడ్లసొన గిలక్కొట్టే యంత్రం ఎక్కడ పెడతారో మీరే ఊహించుకోండి. ఇంకా పెద్ద చిక్కు కరెంటు. ఇక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. అక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఎయిర్‌పోర్టులో అమ్మే అడాప్టరు పిన్నుల ఆకారాన్ని మారుస్తుందే గానీ వోల్టేజీని తగ్గించదు. దాని మీద నమ్మకంతో ప్లగ్గు పెడితే మొదటి రోజే మోటారు కాలిన వాసన వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చంటారు. ఇనప దిమ్మలాంటి దాన్ని గట్టు మీద పెట్టుకుని తిప్పలు పడాలి. పాడైతే ఇక్కడి వారంటీ అక్కడ సాధారణంగా చెల్లదు. పైగా ఆ మిక్సరు పది పన్నెండు కేజీలుంటుంది. 23 కేజీల పెట్టెలో సగం అదే తినేస్తే మీ పిల్లల బట్టలు ఎక్కడ సర్దుతారు?

ఈ మాట మిక్సర్‌కే కాదు, ఆ షాపింగ్‌లో బల్లల మీద కనిపించే ఎయిర్ ఫ్రయర్లు, కాఫీ మెషిన్లు, వాక్యూమ్ క్లీనర్లు అన్నిటికీ వర్తిస్తుంది. ఇండియాకి తీసుకెళ్ళాలనుకున్న ఏ కరెంటు వస్తువునైనా తిరగేసి అడుగున చిన్న అక్షరాల్లో ఏముందో చూడండి. '100–240 వోల్టులు' అని ఉంటే నిశ్చింతగా పెట్టెలో పెట్టండి. ట్రిమ్మర్లు, హెడ్‌ఫోన్ల ఛార్జర్లు ఎక్కువగా అలాగే ఉంటాయి. '120 వోల్టులు' అని ఒక్కటే ఉంటే అది ఎడిసన్‌లో ఉండాల్సిన వస్తువు.

ఇప్పుడు ఉన్న 18,000 పాయింట్ల మాట. వాటిని వదులుకోమని నేననను. వాటి ఖరీదు ఎప్పుడో చెల్లించేశారు, వాడుకోకపోతే క్యాసినో సంతోషిస్తుంది, అంతే. వాటి విలువ 180 డాలర్లు. కానీ 'ఫ్రీ' అన్న మాట మాత్రం మీ ఇంట్లో వాడకండి. 18,000 పాయింట్ల వెనక 90,000 డాలర్ల కాయిన్-ఇన్ ఉంది. దాని మీద సగటు నష్టం ఎనిమిది వేల డాలర్ల పైమాట. ఆయన స్నేహితులకంటే అదృష్టవంతుడై ఉండొచ్చు, నాలుగు వేలే పోయి ఉండొచ్చు. అప్పుడప్పుడూ వచ్చిన ఉచిత గది, భోజనం, ఫ్రీ ప్లే (మెషిన్‌లో ఆడటానికి మాత్రమే పనికొచ్చే) కూపన్లు కూడా లెక్కలోంచి తీసెయ్యాలి, న్యాయంగా. అయినా నూట ఎనభైకి దగ్గర్లోకి రాదు ఆ అంకె.

అసలు అంకె ఎంతో మనం ఊహించాల్సిన పనే లేదు. మీవారి ఖాతాలో 'విన్-లాస్ స్టేట్‌మెంట్' అని ఉంటుంది. వెబ్‌సైటులో అడిగినా ఇస్తారు, కౌంటర్ దగ్గర అడిగినా ఇస్తారు. కార్డు పెట్టి ఆడిన ఆటలో ఏడాది మొత్తం మీద ఎంత వచ్చింది, ఎంత పోయింది అందులో ఉంటుంది. టేబుల్ ఆటల అంకెలు అంచనాలే గానీ స్లాట్లకి మెషిన్ ప్రతి స్పిన్ నమోదు చేస్తుంది కాబట్టి బాగానే నమ్మొచ్చు. షాపింగ్‌కి వెళ్ళే ముందు ఒక సాయంత్రం, పిల్లలు పడుకున్నాక, ఇద్దరూ కూర్చుని అది తెరవండి. మీరొక్కరే తెరిచి ఆయనకి చూపించొద్దు. ఆయనొక్కరే చూసి మీకు నోటితో చెప్పడమూ వద్దు. "అప్పులేమీ చేయలేదు, ఇంటికి లోటు రానివ్వలేదు" అని మీరు ఉత్తరంలో ఆయన పక్షాన రాశారు, బాగుంది. కానీ ఎంత పోయిందో మీకూ తెలియదు. నా అనుమానం, ఆయనకీ తెలియదు. స్లాట్లు ఆడేవాళ్ళకి గెలిచిన రోజులు తేదీలతో సహా గుర్తుంటాయి. పోయిన రోజులన్నీ కలిసిపోయి ఒకే రోజులా ఉంటాయి.

క్యాసినోలు ఈ డిసెంబరు సంతలు ఎందుకు పెడతాయో కూడా తెలిస్తే మంచిది. థాంక్స్‌గివింగ్‌కీ క్రిస్మస్‌కీ మధ్య వారాలు వాళ్ళకి చప్పటి రోజులు. జనం డబ్బంతా మాల్స్‌కి పోతుంది. ఆ జనాన్ని అదే షాపింగ్ పేరుతో తమ గడపలోకి రప్పించడమే కిటుకు. ఇందులో మీవారిని ప్రత్యేకంగా ఎందుకు పిలిచారంటే, ఆయన ఏ మెషిన్ మీద ఎంతసేపు, స్పిన్‌కి ఎంత చొప్పున ఆడతారో వాళ్ళకి తెలుసు. ఈ విద్యని పెద్దఎత్తున నేర్చింది హారాస్ అనే క్యాసినో కంపెనీ. 1997లో అమెరికాలోని తన క్యాసినోలన్నిటికీ కలిపి ఒకే పాయింట్ల పథకం పెట్టింది. మరుసటేడాది హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో పాఠాలు చెప్పే గ్యారీ లవ్‌మన్‌ని తెచ్చుకుంది. కోట్లు ఒడ్డే షావుకార్ల మీద కంటే, ఉద్యోగాలు చేసుకుంటూ వారాంతాల్లో వచ్చి స్లాట్లు ఆడి వెళ్ళే మామూలు మనుషుల మీదే తమకి ఎక్కువ లాభం వస్తోందని వాళ్ళ లెక్కల్లో తేలింది. ఆ తర్వాత 2005లో హారాస్ వాళ్ళే సీజర్స్ అనే ఇంకో పెద్ద క్యాసినో కంపెనీని కొనేశారు. ఇప్పుడు దేశంలో ఏ క్యాసినో కార్డు చూసినా ఆ పద్ధతి నీడే ఉంటుంది. మెరిసే కార్డు మీ పోస్టు డబ్బాలోకి దారి కనుక్కుని వచ్చింది ఇలా.

సరే, వెళ్తారు. వెళ్ళినప్పుడు ఎలా ఉండాలో చెప్తాను. ముందు ఒక మాట కనుక్కోండి, పాయింట్లతో వస్తువులు యాప్‌లోనే ఎంచుకునే వీలుందేమో. కొన్ని క్యాసినోలు ఇంటికే పంపిస్తాయి. అలా ఉంటే గంటన్నర ప్రయాణం, పార్కింగు, మధ్యలో "ఎలాగూ వచ్చాం కదా" అనే మాట, మూడూ తప్పుతాయి. వెళ్ళక తప్పదంటే ఉదయమే వెళ్ళండి. సాధారణంగా పై స్థాయి కార్డులవాళ్ళని ముందు వదులుతారు, మంచి సామాను మధ్యాహ్నానికే అయిపోతుంది, సాయంత్రానికి మిగిలేది కొవ్వొత్తులూ ఫోటో ఫ్రేములూ. ఖాతా ఎవరి పేరున ఉంటే వాళ్ళే ఉండాలి, కార్డు, ఫోటో ఉన్న గుర్తింపు కార్డు, పిన్ నంబరు మూడూ అడుగుతారు. పిల్లల్ని తీసుకెళ్ళకండి. ఇరవై ఒక్క ఏళ్ళు నిండనివాళ్ళని ఆట జరిగే చోట నిలబడనివ్వరు.

లోపల ధర చీటీల మీద డాలర్లుండవు, పాయింట్లుంటాయి. అక్కడే మనిషి తడబడేది. 9,500 పాయింట్లన్న చీటీ చూస్తే అది 95 డాలర్లని బుర్రకి వెంటనే తట్టదు. పైగా క్యాసినో టోకున కొన్న వస్తువుకి పెట్టెమీద ధరే కట్టి ఉండొచ్చు. ఫోన్ తీసి అదే మోడల్ బయట ఎంతకి వస్తోందో చూడండి, సిగ్గు పడక్కర్లేదు. బయట 60కి దొరికేది అక్కడ 95 ఉంటే మీ పాయింటు విలువ సెంటు నుంచి ముప్పాతిక సెంటు కంటే కిందికి దిగిపోయిందన్నమాట. బట్టల దుకాణాలవో, కిరాణా దుకాణాలవో గిఫ్ట్ కార్డులు ఉంటే వాటి ముందే ఆగండి. ఇరవై అయిదు డాలర్ల కార్డుకి 2,500 పాయింట్లే అడుగుతుంటే అంతకంటే మంచి బేరం ఆ హాల్లో ఉండదు. వాటితో తెనాలికి కావలసినవి మీకు నచ్చిన చోట కొనుక్కోవచ్చు. లేదంటే మంచి సూట్‌కేసు (చక్రాలు లాగి చూసి మరీ తీసుకోండి), స్టీలు ఫ్లాస్కులు, మావయ్యగారికి ట్రిమ్మరు, ఆడపడుచు పిల్లలుంటే బొమ్మలు. ఈపాటి సామానుకి హైదరాబాద్ కస్టమ్స్‌లో ఎవరూ ఆపరు. తీసుకున్న వస్తువు వాపసు తీసుకోవడం, మార్చివ్వడం సాధారణంగా ఉండదు కాబట్టి పెట్టె అక్కడే తెరిచి చూసుకోండి. రసీదు అడిగి తీసుకోండి, తయారీదారుల వారంటీకి పనికొస్తుంది.

ఒకటి మాత్రం చెయ్యొద్దు. మిగిలిపోయిన పాయింట్లని ఫ్రీ ప్లేగా మార్చొద్దు. కొన్నిచోట్ల అలా మారిస్తే విలువ సగానికి పడిపోతుంది, వచ్చినది కూడా మళ్ళీ మెషిన్‌లోకే పోతుంది. సంచులు పట్టుకుని కారు దగ్గరికి వెళ్ళే దారి స్లాట్ల మధ్యలోంచే ఉంటుంది, అది కావాలనే అలా కట్టారు. ఆ రోజుకి మీవారి పర్సు మీ హ్యాండ్‌బ్యాగులో ఉంటే తప్పేం లేదు.

డిసెంబరు 31 సంగతి. ఆయన రెండు వేర్వేరు విషయాల్ని కలిపేస్తున్నారని నాకనిపిస్తోంది. చాలా క్యాసినోల్లో ఖాతాలో రెండు రకాల లెక్కలుంటాయి. ఖర్చు పెట్టుకునే పాయింట్లు ఒకటి, గోల్డ్, ప్లాటినమ్, డైమండ్ అంటూ స్థాయిని నిర్ణయించే పాయింట్లు ఇంకొకటి. ఏడాది చివర సున్నాకి పడేది రెండోది. మొదటిది సాధారణంగా కొన్ని నెలలు, ఎక్కువచోట్ల ఆరు నెలలు, అసలేమీ ఆడకపోతేనే పోతుంది. వాటిని గిఫ్టులకి వాడుకున్నంత మాత్రాన స్థాయి తగ్గదు కూడా. ఆయన కార్డు నిబంధనల్లో ఇది ఒక పేరా ఉంటుంది, చదివితే తేలిపోతుంది. "సంవత్సరం అయిపోతోంది, స్థాయి నిలబెట్టుకోవాలి" అని డిసెంబరులో పరుగులు తీసేవాళ్ళు చాలామంది. ఉచిత పార్కింగు కోసం, పొట్టి క్యూ కోసం వేల డాలర్లు తిప్పుతారు.

ఇక మీ మనసుకి పట్టుకున్న మాట. అత్తయ్యగారికి జూదం సొమ్ముతో గిఫ్టా?

నా దృష్టిలో అది జూదంలో గెలిచిన సొమ్ము కాదు. ఆయన సోమవారం నుంచి శుక్రవారం దాకా కంప్యూటరు ముందు కూర్చుని తెచ్చిన జీతంలో మెషిన్ మింగినంత మింగి, తిరిగిచ్చిన చిల్లర. కొడుకు జీతంతో కొన్న శాలువా తల్లి కప్పుకోవడానికి ఏ ఉపవాసమూ అడ్డురాదు. మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నది వస్తువు కాదనీ, ఆవిడ "ఎక్కడ కొన్నావమ్మా?" అనడిగితే ఏం చెప్పాలన్నదనీ నాకు అనిపిస్తోంది. తెనాలి వైపు ఆ తరానికి పేకాట క్లబ్బులంటే బాగా తెలుసు, వాటిలో పొలాలు పోగొట్టుకున్న బంధువు ఒకరైనా ప్రతి ఇంట్లో ఉంటారు. తెలంగాణలో 2017లో, ఆంధ్రలో 2020లో ఆన్‌లైన్ రమ్మీని కూడా చట్టం తెచ్చి నిషేధించారు. గోవా పడవల్లో క్యాసినోలకి మన ఊళ్ళ నుంచి గుంపులుగా వెళ్తున్నారని టీవీలో చూసే ఉంటారు. ఆవిడకి క్యాసినో అనే మాట చెవిన పడితే కొడుకు గురించి నిద్ర పట్టదు. అందుకని మీరు అబద్ధం అల్లొద్దు. జవాబు చెప్పాల్సింది మీరు కాదు, ఆయన. "అమ్మకి ఏం చెప్తారు?" అని ముందే ఆయన్నే అడగండి. ఆయన ఆ ప్రశ్నకి ఎంతసేపు ఆగి జవాబిస్తారో చూడండి. మనసొప్పకపోతే ఆవిడ చీర ఒక్కటి మామూలుగా మీ ఊరి ఓక్ ట్రీ రోడ్డులోనో, ఊరెళ్ళాక తెనాలిలోనో కొనండి, క్యాసినో గిఫ్టులు మిగతావాళ్ళకి పంచండి. దానికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

పన్ను గురించి మీరు అడగలేదు గానీ చెప్పకుండా వదల్లేను. మీరిద్దరూ జాయింట్‌గా రిటర్న్ వేస్తుంటే దాని మీద మీ సంతకం కూడా ఉంటుంది. స్లాట్‌లో ఒక్కసారే పెద్ద మొత్తం గెలిస్తే క్యాసినో డబ్ల్యూ-2జి అనే కాగితం ఇచ్చి, ఒక కాపీ ప్రభుత్వానికి పంపుతుంది. 2025 దాకా ఆ హద్దు 1,200 డాలర్లు, 2026 నుంచి 2,000. హద్దు దాటకపోయినా గెలిచినదంతా ఆదాయంగా చూపాల్సిందే, పోయినదాన్ని తీసెయ్యాలంటే ఐటమైజ్ చెయ్యాలి, అంటే తగ్గింపులన్నీ ఒక్కొక్కటిగా రాసి చూపాలి. పైగా 2026 నుంచి పోయిన దాంట్లో 90 శాతమే లెక్కలోకి తీసుకుంటారు. అంటే పదివేలు గెలిచి పదివేలు పోగొట్టుకున్నవాడు కూడా వెయ్యి మీద పన్ను కట్టాలి. గిఫ్టులకీ పన్నుకీ సంబంధమేమిటని తీసి పారేయకండి. అట్లాంటిక్ సిటీలోనే లక్షలు ఓడిపోయిన ఒకాయనకి క్యాసినో కార్లు, నగలు, యూరప్ యాత్రలు కానుకగా ఇస్తే, అవి ఆదాయమే గానీ జూదం రాబడి కిందే వస్తాయని, కాబట్టి నష్టాలతో చెల్లు పెట్టుకోవచ్చని 1996లో టాక్స్ కోర్టు తేల్చింది. మీ 180 డాలర్లకి అంత తతంగం రాదు. ఆ విన్-లాస్ స్టేట్‌మెంటూ, డబ్ల్యూ-2జిలు వచ్చి ఉంటే అవీ మీ సీపీఏ (పన్ను లెక్కలు చూసే ఆడిటరు) చేతిలో పెట్టండి చాలు.

స్టేట్‌మెంట్ తెరిచాక అంకె చూసి ఆయన నవ్వేసి, "ఇంతేనా, సర్లే ఇక తగ్గిస్తా" అంటే, నెలకి ఇంత అని ఒక మొత్తం రాసుకోండి, సినిమాలకీ హోటళ్ళకీ రాసుకున్నట్టే. ఆడనివ్వండి. అలా కాకుండా ఆయన స్టేట్‌మెంట్ తెరవడానికే వాయిదాలు వేస్తుంటే, పోయింది రాబట్టాలన్న మాట ఆయన నోట వస్తుంటే, మీకు తెలియని క్రెడిట్ కార్డు బిల్లు ఏదైనా కనబడితే, అప్పుడిది గిఫ్టుల విషయం కాదు. 1-800-426-2537కి ఫోన్ చెయ్యండి, డబ్బు కట్టక్కర్లేదు, ఆడేవాళ్ళే కాదు భార్యలూ మాట్లాడొచ్చు. న్యూజెర్సీలో ఆడేవాళ్ళు తమంతట తాము ఒక ఏడాదికో అయిదేళ్ళకో పేరు రాయించుకుని క్యాసినోల నుంచి దూరంగా ఉండే ఏర్పాటుంది. ఆ జాబితాలో పేరు చేరాక క్యాసినోలు వాళ్ళకి మెరిసే కార్డులు పంపకూడదు, ఒకవేళ దొంగచాటుగా వెళ్ళి గెలిచినా ఆ డబ్బు చేతికివ్వరు. అది ఆయన చెయ్యాల్సిన పని, ఆయన తరఫున మీరు చెయ్యలేరు.

ఇక మీ పేరున కార్డు. ఒకే ఇంట్లోవాళ్ళ పాయింట్లు కలుపుకోనిచ్చే క్యాసినోలు ఉన్నాయి, ఆ మాట నిజమే కావచ్చు. మీ కార్డు మీద ఆయన ఆడితే మాత్రం నిబంధనలకి విరుద్ధం. పాయింట్లు కలవాలంటే మీరు కూర్చుని ఆడాలి. కార్డు తీసుకోకండి. ఆ పోస్టు డబ్బాకి ఆహ్వానాలు అందుకునేవాళ్ళు ఒకరు చాలు.